అప్పులవారి ఉత్తరాలు – ఒప్పందం కుదిరేదాకా



మా యింటి హాల్లో పైడితల్లి అమ్మవారి పటం వొకటి వుంది. ఎప్పుడో సిరిమాను జాతరలో కొన్నది. 2021 వేసవిలో వొకరోజు దుమ్ము దులుపుదామని ఆ పటాన్ని కాస్త పక్కకి జరిపేసరికి, వెనకనుంచి కవర్లు జలజలా రాలాయి. లెక్కపెడితే పదిహేడు. అందులో పదకొండు విప్పనైనా లేదు.

"నాన్నా, ఆడే దాసినాడమ్మా. నీకు సెప్పొద్దన్నాడు. నలుగురికీ తెలిస్తే పరువు పోతాది" అన్నారు మా అత్తగారు, చెంగుతో కళ్ళు వొత్తుకుంటూ.

మాది గంటస్తంభం దగ్గర చిన్న ఫ్యాన్సీ దుకాణం. 2020లో లాక్‌డౌన్ వచ్చి బేరాలు పడిపోయాయి. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా బ్యాంకు వాయిదాలు వాయిదా వేసుకోవచ్చని రిజర్వు బ్యాంకు వెసులుబాటు యిచ్చింది. మా వారు అది మాఫీ అనే అనుకున్నారు. కాదండీ. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. ఆ తరవాత సరుకు కోసం నోటు మీద అప్పు, ఆ అప్పు వడ్డీ కోసం ఫైనాన్సు కంపెనీ అప్పు. చివరికి దుకాణం మూసేశాం. ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. పటం కదిపిన రోజునే పూర్తిగా తెలిసింది.

ఇదంతా యిప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, అప్పు తీర్చడం గురించి అందరూ చెబుతారు గాని, తీర్చే ఏర్పాటు కుదిరే లోపల ఆ ఏడాదో ఏడాదిన్నరో యింటికి వచ్చే ఉత్తరాలను ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. నిజానికి యిల్లు మునిగేది ఆ సందులోనే. నేను పదో తరగతి ప్యాసైన దాన్ని, ప్లీడర్ని కాను. నేను పడి, అడిగి, తెలుసుకున్నదే చెబుతాను.

మొదటిది, కవరు వచ్చిన రోజునే విప్పాలి. విప్పి, కవరు మీద వచ్చిన తేదీ వెయ్యాలి. కవరు పారెయ్యకూడదు, పోస్టాఫీసు ముద్ర దాని మీదే వుంటుంది. చాలామంది "ఇంట్లో లేరని చెప్పి తిప్పి పంపించెయ్" అంటారు. మా యింట్లోనూ రెండుసార్లు అలా పంపారట. సరైన చిరునామాకి తపాలాలో పంపిన నోటీసుని మనం తీసుకోనంటే, కోర్టు దాన్ని అందినట్టే లెక్క వేస్తుంది. అంటే అందులో ఏముందో మనకి తెలియదు గాని, తెలిసినట్టే గడువు నడిచిపోతుంది. అంతకన్న తెలివితక్కువ బేరం లేదు. (ఆ రోజుల్లో యివి రిజిస్టర్డు పోస్టులో వచ్చేవి. 2025లో ఆ పద్ధతిని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కనుక స్పీడ్ పోస్టు కవరంటే ఏదో పుస్తకాల పార్సెలని తేలిగ్గా తీసుకోకండి.)

రెండోది, ఉత్తరాలన్నీ వొక్కలాంటివి కావు. అన్నింటికీ వొకేలాగ భయపడతాం, అదే పొరపాటు. నేను పదిహేడు కవర్లనీ చాప మీద పరిచి వేరు చేస్తే, పదకొండు వుట్టి గుర్తు చేసే ఉత్తరాలు. "మీ వాయిదా బాకీ వుంది, వెంటనే కట్టండి" అని కంప్యూటరు కొట్టి పంపేవి. ఎర్ర అక్షరాలు వున్నా వాటికి పెద్దగా కోరలు లేవు. మూడు లాయరు నోటీసులు. రెండు బ్యాంకు డిమాండు నోటీసులు. మిగిలిన వొక్కటీ, అన్నింటికన్నా పల్చటి కాగితం, ఏ అరుపూ లేనిది, కోర్టు సమన్లు! నోటు మీద అప్పిచ్చినాయన దావా వేశాడన్నమాట. అందులో వేసిన వాయిదా తేదీ చూస్తే యింకా తొమ్మిది రోజులే వుంది.

ఇది గుర్తుంచుకోండి. అప్పిచ్చినాయనతో మనం మాట్లాడుతూ వుండవచ్చు, ఆయన "చూద్దాంలెండమ్మా" అంటూ వుండవచ్చు. కాని సమన్లు వచ్చాక ఆ తేదీకి కోర్టుకి పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. మాటలు మాటలే, గడువు గడువే. మామూలు దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో మన జవాబు దాఖలు చెయ్యాలి. కొన్ని నోటు దావాలు త్వరగా తేల్చే పద్ధతిలో వేస్తారు, వాటిలో పది రోజుల్లోనే మేము హాజరవుతున్నామని తెలపాలి.

చెక్కు తిరిగిపోయిందని వచ్చే నోటీసు మరీ పదునైనది. అది అందిన 15 రోజుల్లో ఆ డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసు వేసే హక్కు వాళ్ళకి వస్తుంది. అప్పు తీసుకునేటప్పుడు ఖాళీ చెక్కులు సంతకం పెట్టి యిచ్చే అలవాటు మన వూళ్ళో చాలా యిళ్ళల్లో వుంది. యిచ్చివుంటే ఎన్ని యిచ్చారో, ఏ నంబర్లో, యీ రాత్రే మీవారిని కూర్చోబెట్టి రాయించండి.

ఇల్లు తనఖా పెట్టినవాళ్ళ సంగతి వేరు. మాకు ఆ గండం లేదు, మా బ్యాంకు అప్పు ముద్రా పథకం కింద తీసుకున్నది. కాని మా వీధిలోనే వొకావిడకి వచ్చింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకువారు ముందు 60 రోజుల గడువుతో నోటీసు యివ్వాలి. మనకి అభ్యంతరం వుంటే రాతమూలకంగా చెప్పవచ్చు. దానికి వాళ్ళు 15 రోజుల్లో కారణాలతో జవాబు యివ్వాలి. ఆ తరవాత స్వాధీనం దాకా వస్తే 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు. వ్యవసాయ భూమికి యీ చట్టం వర్తించదు. ఆవిడ చేసిన పనేమిటంటే మేనేజరు గారితో మాట్లాడుతున్నాం కదా అని యీ గడువులన్నీ వదిలేసింది. మేనేజరు గారు మంచివారే. కాని మాట్లాడేది వొకరు, నోటీసులు పంపే శాఖ మరొకటి. వొక చేతికి రెండో చెయ్యి తెలియదు.

ఇక జవాబు రాయడం. చాలామంది అసలు జవాబే రాయరు, లేకపోతే ఏడుస్తూ నాలుగు పేజీలు రాస్తారు. రెండూ వద్దు. నేను వొక తెల్లకాగితం మీద యిలా రాసి, మావారి చేత సంతకం పెట్టించి, అందరికీ వొక్కటే పంపాను:

"మీరు ఫలానా తేదీన రాసిన ఉత్తరం ఫలానా తేదీన అందింది. మీ ఖాతా మొదటినుంచి నేటివరకు వున్న నకలు పంపగోరుతాము. మేము అందరి బాకీలకూ కలిపి వొక చెల్లింపు ప్రతిపాదన తయారు చేస్తున్నాము. ఫలానా తేదీలోగా మీకు అందజేస్తాము. అంతవరకూ మాతో ఉత్తరం ద్వారానే సంప్రతించ ప్రార్థన."

అంతే. మొత్తం యింత బాకీ వున్నానని అంకె వేసి రాయలేదు, గమనించారా? అది కావాలనే. నోటు మీద బాకీకి సాధారణంగా మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. ఆ మూడేళ్ళలోగా బాకీ వున్నానని సంతకంతో రాసిచ్చినా, కొంత చెల్లువేసి దానికి రాత వున్నా, అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు కొత్తగా మొదలవుతుంది. కనుక లెక్క తేలకుండా అంకె రాసివ్వకండి. అలాగని ఎగ్గొట్టే ఆలోచనతో రోజులు లెక్కపెట్టడం నాకు యిష్టం లేదు. మా బంధువొకాయన అలాగే లెక్కపెట్టి కూర్చుని బోల్తా పడ్డాడు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. ఆయన నోటు బ్రతికే వుంది!

నోటు మీద డబ్బు కట్టినప్పుడల్లా నోటు వెనకాలే చెల్లు రాయించుకోండి. "మనలో మనకేమిటమ్మా" అనే మాట వినకండి. రసీదు అయిదు వేలు దాటితే రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించాలి. ఆ రూపాయికి మొహమాటపడకండి.

తిట్లు, ఫోన్లు, గుమ్మం ముందు నిలబడడం – దీనికీ హద్దు వుంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటల లోపల, రాత్రి 7 గంటల తరవాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. మైక్రోఫైనాన్సు గ్రూపు అప్పులకైతే 9 నుంచి 6 లోపలే. చుట్టాలకి ఫోన్లు చేసి అల్లరి పెట్టడానికి వీల్లేదు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో నోటుబుక్కులో రాయండి. మా అమ్మాయి లెక్కల పుస్తకంలో మిగిలిన పేజీల్లో నేను రాశాను. ఆ రాత చూపించాక ఫైనాన్సు కంపెనీ కుర్రాడి గొంతు సగానికి సగం తగ్గింది.

మరొక మాట. భయపెట్టేవాళ్ళు మొదట ఆడవాళ్ళనే భయపెడతారు. "నిన్ను జైల్లో పెట్టిస్తాను, పుస్తెలు తెంపిస్తాను" అంటారు. సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారం డబ్బు డిక్రీ అమలులో ఆడదాన్ని అరెస్టు చెయ్యకూడదు. వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటినుంచి తియ్యకూడని నగ – వీటిని జప్తు చెయ్యడానికి వీల్లేదు. మగవారినైనా సరే, వుండీ యివ్వనివాణ్ణి తప్ప, లేక యివ్వలేనివాణ్ణి జైలుకి పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. చెక్కు కేసు మాత్రం వేరు, ముందే చెప్పాను.

సరే, ఒప్పందం సంగతికి వద్దాం. మావారి స్నేహితులు "ఐ.పి. పెట్టీ, గొడవొదిలిపోద్ది" అన్నారు. ఐ.పి. అంటే అప్పులవాళ్ళకి టోపీ పెట్టడమని మన వైపు మాట. అసలు సంగతి అది కాదు. 1920 నాటి దివాలా చట్టం కింద సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో అర్జీ పెట్టుకుంటే, ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. ఆ చట్టంలోనే రాజీ పథకం వుంది. బాకీ రుజువైన అప్పులవాళ్ళలో తలల లెక్కన సగానికి మించి, సొమ్ము లెక్కన ముప్పాతిక వంతు వున్నవాళ్ళు వొప్పుకుని, కోర్టు ఆమోదిస్తే ఆ రాజీ అందరికీ వర్తిస్తుంది. పెద్ద అప్పులకి అది పనికొస్తుందేమో గాని, మా నాలుగు లక్షలకి అంత దూరం అక్కర్లేదనిపించింది.

మన వూరి రాజావారికే తప్పలేదు లెండి యీ పాటు. నారాయణబాబు 1845లో కాశీలో కాలం చేసేనాటికి సంస్థానం అప్పుల్లో కూరుకుని వుంది. ఆ తరవాత వచ్చిన విజయరామ గజపతిరాజు తొందరపడి పగ్గాలు తీసుకోలేదు. ఆదాయమంతా వొకే చేతిమీదుగా ప్రభుత్వపు అజమాయిషీలో యింకో ఏడేళ్ళు నడవనిచ్చి, 1852లో రెండు లక్షల పైచిలుకు నిలవతో తీసుకున్నారు. నేను చేసిందీ అదే, పోపులడబ్బా స్థాయిలో.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ వుంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా అక్కడ వుచితంగా ప్లీడర్ని యిస్తారు. ఫోను నంబరు 15100. తెల్లకాగితం మీద అర్జీ పెడితే, దావా పడినవాటినీ, యింకా పడనివాటినీ కూడా లోక్ అదాలత్‌కి పిలిపిస్తారు. ఫీజు లేదు. నాతో వచ్చిన లాయరమ్మాయి చాలా చిన్నపిల్ల, మొదటి సమన్ల వాయిదాకి తనే నిలబడింది.

మా లెక్క చెబుతాను, సిగ్గెందుకు. బ్యాంకుకి 2,30,000. ఫైనాన్సు కంపెనీకి 70,000. సరుకు యిచ్చిన షావుకారుకి నోటు మీద 75,000. మా పిన్ని వరస ఆవిడకి 25,000. మొత్తం నాలుగు లక్షలు. దుకాణంలో మిగిలిన సరుకు, నా గాజులు అమ్మితే లక్ష వచ్చింది. మా వారికి వొక కొట్లో గుమాస్తా వుద్యోగం, నాకు కుట్టుపని, రేడియో వాళ్ళిచ్చే కాస్త. నెలకి పాతిక వేలు. ఇంటిఖర్చు పదిహేడు వేలు. ఈ పదిహేడుని నేను దొంగలెక్క వెయ్యలేదు. పిల్లల ఫీజు, అత్తగారి మందులు, గ్యాసు, ఏడాదికి రెండు పండగలు కూడా వేశాను. చాలామంది బెంచీ ముందు మంచి అనిపించుకోవాలని యింటిఖర్చు తగ్గించి చెబుతారు. మూడో నెలలో వాయిదా తప్పుతారు. లోక్ అదాలత్‌లో కుదిరింది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. తప్పితే వాళ్ళు నేరుగా అమలుకి వెళతారు. కనుక కట్టగలిగిందే వొప్పుకోవాలి.

మిగిలేది ఎనిమిది వేలు. ముందు ఆ లక్షని వంతుల ప్రకారం పంచుతామనీ, వడ్డీ అంతటితో ఆపితే మిగతా మూడు లక్షలూ నెలకి ఎనిమిది వేల చొప్పున, బ్యాంకుకి 4,600, కంపెనీకి 1,400, షావుకారుకి 1,500, పిన్నికి 500 యిచ్చి ముప్పైయెనిమిదో నెలకి పూర్తి చేస్తామనీ రాశాను. అరిచినవాడికి ఎక్కువ, అరవనివాడికి తక్కువ కాకుండా బాకీ ఎంతో వంతు అంత. ఇది కుదిరేవరకూ ఎవరికీ దొంగచాటుగా విడిగా యివ్వలేదు. అక్కడే నాకు కష్టమైంది. ఎందుకంటే మా పిన్ని వొక్క ఉత్తరం కూడా రాయలేదు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేది. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేది. ఆవిడ మా దుకాణానికి యిచ్చింది కూతురి పెళ్ళి కోసం కూడబెట్టిన డబ్బు. నోటు కూడా మా వారే పట్టుబట్టి రాసిచ్చారు.

లోక్ అదాలత్ రోజున ఆవిడ లేచి, "బ్యాంకుకి నాలుగువేల ఆర్నూరు, నాకు అయిదొందలా అమ్మా? బ్యాంకు పిల్లకేటి పెళ్ళి సెయ్యాలా?" అంది. నాకు నోట మాట రాలేదు. వంతు లెక్క న్యాయమైందే. కాని న్యాయం ఆవిడ మొహంలో కనిపించలేదు. బెంచీ మీద జడ్జిగారు "మిగతావాళ్ళు వొప్పుకుంటే ఆవిడకి ముందు యివ్వవచ్చు" అన్నారు. బ్యాంకాయన తల అడ్డంగా వూపాడు, తనకి ఆ అధికారం లేదన్నాడు. కంపెనీవాళ్ళూ అంతే. చివరికి, మామీద దావా వేసిన షావుకారే, ఏ మనిషిని తలచుకుంటే నాకు కడుపులో తిప్పేదో ఆయనే, "నా పదిహేనొందలూ ఆవిడకి కలిపి యిచ్చీయండి. ఆవిడది తీరాక ఆ రెండువేలూ నాకు కట్టండి" అన్నాడు. ఆ ప్రకారం రాశారు. లక్షలో వంతు పోను ఆవిడకి మిగిలిన 18,750 పదో నెలలో తీరిపోయింది.

సంతకం పెట్టేముందు లాయరమ్మాయి వొక వాక్యం మార్పించింది. "ఒక్క వాయిదా తప్పినా మొత్తం వొకేసారి కట్టాలి" అని వుంటే, "వరసగా రెండు వాయిదాలు తప్పితే" అని రాయించింది. 2023లో అత్తగారు ఆస్పత్రిలో పడ్డ నెల ఆ వాక్యమే మమ్మల్ని నిలబెట్టింది.

ఒప్పందం 2022లో అయింది. అయ్యాక ఉత్తరాలు ఆగుతాయనుకుంటున్నారా? ఆగలేదండీ. ఫైనాన్సు కంపెనీ కంప్యూటరు యింకా ఆరు నెలలు ఎర్ర అక్షరాలు పంపుతూనే వుంది. ప్రతిదానికీ అవార్డు నకలు, కట్టిన రసీదు జతచేసి, "దయచేసి మీ రికార్డు సరిచేసుకోగలరు" అని వొక్క వాక్యం రాసి పంపేదాన్ని. నేను మానితే, ఎప్పుడో వొకనాడు ఆ కాగితమే నిజమని వొకడు వస్తాడు.

2025లో చివరి వాయిదా కట్టాం. షావుకారు నోటు మా చేతికి యిచ్చి, వెనకాల పూర్తి చెల్లు రాశాడు. బ్యాంకు బాకీ లేదని కాగితం యిచ్చింది. ఆ కాగితం అడిగి తీసుకోవాలి, దానంతట అది రాదు. తరవాత సిబిల్ రికార్డులో ఏమని రాశారో కూడా చూసుకోవాలి. రాజీలో కొంత తగ్గించుకున్న అప్పుని "సెటిల్డ్" అని రాస్తారు, మళ్ళీ అప్పు కావాలన్నప్పుడు అది అడ్డు వస్తుంది. మాకు అసలు తగ్గించకపోయినా వడ్డీ ఆపారు కనుక అలాగే పడింది. దానికి నేను బాధపడలేదు.

కంపెనీ పంపిన బాకీ లేదనే కాగితంలో మా వారి యింటిపేరు తప్పు పడింది. సరిచెయ్యమని తిప్పి పంపితే మళ్ళీ వేరే తప్పుతో వచ్చింది. మూడోసారి పంపాను. ఇప్పుడు పోస్టుమాన్ సైకిలు బెల్లు మా వీధిలో వినిపిస్తే, నాకన్న ముందు మా అత్తగారే గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతున్నారు.